పథ్యం ఎవరికి? – ఒక నర్సు అనుభవం



మీరు ఈ పుస్తకం చేతిలోకి తీసుకున్నారంటే మీ ఇంటివారెవరో ఆసుపత్రిలో మంచం మీద ఉండి ఉంటారు. డాక్టరు గారు రౌండ్సు ముగించి వెళ్ళాక, సెలైన్ చుక్కలు చూస్తూ కూర్చున్న వేళ ఇలాంటి పుస్తకాలు తిరగేస్తారని నాకు తెలుసు. ఇరవై ఏళ్ళకు పైగా మీ మధ్యనే తిరుగుతున్నాను. ఈ పాఠం మంచం మీద ఉన్నవారి కోసం కాకుండా మీ కోసం రాస్తున్నాను. ఎందుకంటే ఇంట్లో వండేది మీరు, వడ్డించేది మీరు, బజారు నుంచి సరుకులు తెచ్చేది కూడా మీరే.

2021 అక్టోబరులో ఒక ఉదయం ఆడవాళ్ళ వార్డులో కాలి పుండుకు డ్రెస్సింగ్ చేస్తున్నాను. షుగరు వల్ల వచ్చిన పుండు. కట్టు కడుతూనే ఆమె కోడలికీ, తోడుగా వచ్చిన పెద్దమ్మకూ ఎప్పుడూ చెప్పే మాటలే చెబుతున్నాను. "అన్నం తగ్గించి పెట్టండి. నూనె తగ్గించండి. పుండు మానాక రోజూ నడిపించండి" అని. పెద్దమ్మ నన్ను పైనుంచి కిందివరకు ఒకసారి చూసి, "చెప్పడం బాగానే ఉందండీ సిస్టరు గారూ. మరి తమరు నడుస్తారాండీ?" అంది.

వార్డంతా నవ్వారు. నేనూ నవ్వేశాను. కానీ ఆ మాట సాయంత్రం వరకు నన్ను వదలలేదు. అప్పటికి నాకు 42 ఏళ్ళు. నేను నడవను. డ్యూటీలో రోజంతా వార్డు చుట్టూ తిరుగుతాను గనుక వేరే నడక అక్కరలేదని అనుకునేదాన్ని. రాత్రి డ్యూటీలో మూడు గంటలకు టీ, దానితో నాలుగైదు బిస్కెట్లు. పొద్దున ఇంటికి వెళ్ళేముందు క్యాంటీన్‌లో పెసరట్టు ఉప్మా. ఇంటికెళ్ళి నిద్రపోయి లేచి, కంచం నిండా అన్నం.

తరువాతి వారం పరీక్షలు చేయించుకున్నాను. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. నడుము 37 అంగుళాలు. పరగడుపు షుగరు 118. మూడు నెలల సగటు చెప్పే హెచ్.బి.ఎ.1.సి. పరీక్షలో 6.3 వచ్చింది.

ఈ అంకెలకు అర్థం మీకు కూడా తెలిస్తే మంచిది. పరగడుపున 100 లోపు ఉంటే మామూలు. 100 నుంచి 125 వరకు ఉంటే షుగరు వ్యాధి గుమ్మం దగ్గరకు వచ్చినట్టు. 126, ఆ పైన వచ్చి, మళ్ళీ చేసిన పరీక్షలో కూడా అలాగే ఉంటే వ్యాధి ఉన్నట్టే. హెచ్.బి.ఎ.1.సి. అయితే 5.7 నుంచి 6.4 వరకు గుమ్మం దగ్గర, 6.5 నుంచి వ్యాధి. మన దేశంలో ఇలా గుమ్మం దగ్గర నిలబడి ఉన్నవారు 13 కోట్లకు పైగా ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తెలిపింది. వీరిలో చాలామందికి ఆ సంగతే తెలియదు. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. నాకూ ఏమీ తెలియలేదు.

నడుము సంగతి కూడా చెప్పాలి. మన ప్రాంతపు మనుషులకు బరువు అంత ఎక్కువ లేకపోయినా పొట్ట దగ్గర కొవ్వు చేరుతుంది. ఆడవారికి 80 సెంటీమీటర్లు, అంటే సుమారు 31 అంగుళాల పైన, మగవారికి 90 సెంటీమీటర్లు, అంటే 35 అంగుళాల పైన ఉంటే జాగ్రత్త పడాలి. దీనికి మిషను అక్కరలేదు, దర్జీ టేపు చాలు.

మా అమ్మ

ఆ రిపోర్టు చేతిలో పట్టుకున్నప్పుడు నాకు ముందుగా గుర్తుకొచ్చింది మా అమ్మ.

అమ్మకు షుగరు ఉండేది. నాన్న పోయాక మాతోనే ఉండేది. నర్సు కూతురు ఇంట్లో ఉంది కాబట్టి అమ్మకేమీ లోటు లేదని బంధువులందరూ అనుకునేవారు. మాత్రలు వేళకు ఇచ్చేదాన్ని. పథ్యం కూడా గట్టిగానే పెట్టాను. రాత్రి మేమందరం చేపల పులుసుతో అన్నం తింటుంటే అమ్మకు విడిగా రెండు ఎండు చపాతీలు, ఉప్పు కారం లేని ఆనపకాయ కూర. ఆమె గోడ పక్కన కుర్చీలో కూర్చుని తినేది. నెల తిరగకుండానే ఆమె దిండు కింద బెల్లం ముక్కలు దొరికాయి. ఇంకోసారి మా అబ్బాయి చేత జీళ్ళు తెప్పించుకుంది. నేను తిట్టాను. "చదువుకోనివాళ్ళయితే సరే, నా తల్లివై ఉండి ఇలా చేస్తావా" అని పిల్లల ముందే అన్నాను.

2008లో అమ్మకు కాలి వేళ్ళు రెండు తీసేశారు. ఆ తరువాత మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. 2012లో మమ్మల్ని విడిచి వెళ్ళిపోయింది.

అమ్మకు నేను మందు సరిగానే ఇచ్చాను. సలహా కూడా సరిగానే ఇచ్చాను. కానీ ఆమె పక్కన కూర్చుని ఆ తిండి ఒక్క పూటైనా నేను తినలేదు. ఇంట్లో ఎవరమూ తినలేదు. ఆ కంచం ఆమెకు శిక్షలాగా ఉండేదని నాకు తొమ్మిదేళ్ళ తరువాత, నా రిపోర్టు చూసుకున్నాక అర్థమైంది. ఈసారి విడి కంచం పెట్టుకుంటే నేనూ నెల రోజులే నిలబడతాను, తరువాత నా దిండు కింద కూడా ఏదో ఒకటి దొరుకుతుంది.

అందుకని మార్చవలసింది నా కంచాన్ని కాదు, పొయ్యి మీది గిన్నెను అనుకున్నాను.

బియ్యం కొలిచాం

ఇంట్లో అప్పుడు మేము నలుగురం. నేను, మా వారు, మా అత్తగారు, ఇంటర్ చదివే అబ్బాయి. అమ్మాయి హాస్టల్లో ఉండేది. మా ఇంట్లో బియ్యం ఒక స్టీలు గ్లాసుతో పోస్తాం. ఆ గ్లాసును ఒకరోజు వీధి చివర కిరాణా కొట్టుకు తీసుకెళ్ళి తూయించాను. 200 గ్రాముల బియ్యం పడుతున్నాయి. మధ్యాహ్నం మూడు గ్లాసులు, రాత్రి మూడు గ్లాసులు. అంటే మనిషికి రోజుకు 300 గ్రాములు. పొద్దున ఇడ్లీ, దోసె, ఉప్మా మరొక 100 గ్రాములు వేసుకోండి. మొత్తం 400.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల ప్రకారం, రోజుకు 2000 కేలరీలు కావలసిన మనిషికి బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు చాలు. కూరగాయలు ఆకుకూరలతో కలిపి 400 గ్రాములు ఉండాలి. పప్పులు, గుడ్డు, చేప, మాంసం కలిపి 85 గ్రాములు, పళ్ళు 100 గ్రాములు, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు, నూనె 27 గ్రాములు. నేను మొదలుపెట్టినప్పుడు ఈ కొత్త పట్టిక ఇంకా రాలేదు. కానీ వచ్చాక మా లెక్కను దానితో పోల్చి చూస్తే మా ఇంట్లో కూరకూ అన్నానికీ మధ్య వరస పూర్తిగా తలకిందులుగా ఉండేదని తేలింది. నలుగురికీ రోజు మొత్తానికి తెచ్చే కూరగాయలు ముప్పావు కిలో దాటేవి కావు. అందులో కూడా బంగాళాదుంప ఒక భాగం.

అన్నం ఎందుకంత తింటాం? ఇది నేను చాలా ఆలోచించిన విషయం. మనకు ఆకలి ఎక్కువని కాదు. మన భోజనం నాలుగు విడతలు. పప్పులోకి కొంచెం అన్నం, కూరలోకి కొంచెం, పులుసులోకో చారులోకో కొంచెం, చివర పెరుగులోకి కొంచెం. ప్రతి విడతకూ గరిటెడు వేడి అన్నం పడవలసిందే. ఆవకాయ జాడీ కొత్తగా తీస్తే దానికొక విడత. ఒక్కొక్కటి చూస్తే కొంచెమే. పైగా "కొంచెం పెరుగన్నం తినకపోతే ఎలా" అని వడ్డించేవారు ఊరుకోరు. అది మన ప్రేమ. ఆ ప్రేమలోనే మూడో వంతు అన్నం లోపలికి పోతోంది.

మేము చేసిన మొదటి మార్పు ఇదే. అన్నం ఒక్కసారే వడ్డించుకోవాలి. కంచంలో సగం భాగం కూరతో నింపి, పావు భాగం పప్పో చేపో గుడ్డో పెట్టి, మిగిలిన పావులో అన్నం. ఆ అన్నాన్నే పప్పుకీ కూరకీ పులుసుకీ సర్దుకోవాలి. పెరుగు విడిగా గిన్నెలో, చెంచాతో. లేదా పలచని మజ్జిగ. పెరుగన్నం మానడం మా వారికి అన్నిటికంటే కష్టమైంది. మూడు వారాలు ముభావంగా ఉన్నారు. ఆదివారం మాత్రం రెండు ముద్దలు కలుపుకోవచ్చని రాజీకి వచ్చాం.

బియ్యం ఒక్కసారిగా సగం చేయలేదు. పదిహేను రోజులకు అర గ్లాసు చొప్పున తగ్గించాను. ఆరు గ్లాసుల నుంచి మూడున్నరకు రావడానికి రెండున్నర నెలలు పట్టింది. తగ్గిన చోటు ఖాళీగా ఉంచలేదు. బీరకాయ, దొండకాయ, చిక్కుడు, తోటకూర, బచ్చలి ఎక్కువ వండాను. కూర తక్కువ చేసి అన్నం తగ్గిస్తే ఎవరూ నిలబడలేరు, రాత్రి పదింటికి మిక్చరు పొట్లం వెతుక్కుంటారు.

మా అత్తగారు మొదటి వారం చాలా నొచ్చుకున్నారు. "అన్నం కొలిచి పెట్టే ఇల్లు అయిందా మనది? వచ్చినవాళ్ళు వింటే ఏమనుకుంటారు?" అన్నారు. ఆ తరం కరువు చూసిన తరం. అన్నం నిండుగా పెట్టడమే వాళ్ళకు మర్యాద. వాదించకుండా ఆమె చేతికే గ్లాసు ఇచ్చేశాను. "ఎంత పోయాలో మీరే చూడండి అత్తయ్యా, నాకు షుగరు రాకుండా చూసే బాధ్యత మీదే" అన్నాను. ఆ రోజు నుంచి ఆ గ్లాసు ఆమెదే. ఎవరైనా అదనంగా ఒక గుప్పెడు పోస్తే ఊరుకోరు.

చపాతీ, రాగి జావ, పళ్ళరసం

వార్డులో నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న, "రాత్రి చపాతీ పెట్టమంటారాండీ?" అని. పెట్టండి, కాదనను. కానీ 100 గ్రాముల బియ్యంలోనైనా, గోధుమపిండిలోనైనా, రాగుల్లోనైనా శక్తి 320 నుంచి 360 కేలరీలే. ముడి గోధుమపిండిలోనూ రాగుల్లోనూ పీచు ఎక్కువ, రాగుల్లో కాల్షియం చాలా ఎక్కువ. అది మంచిదే. అయితే ఐదు చపాతీలు నూనె రాసి కాల్చి, బంగాళాదుంప కూరతో తింటే అన్నం మానిన ఫలం ఏమీ దక్కదు. మా పక్కింటి ఆవిడ రాగి జావ మంచిదని విని, పొద్దున ఇడ్లీలు తిన్నాక ఒక పెద్ద గ్లాసు జావ తాగేది. షుగరు పెరిగింది. జావ పలచగా, మెత్తగా ఉడికి ఉంటుంది గనుక త్వరగా రక్తంలో కలుస్తుంది. తాగితే టిఫిను బదులు తాగాలి, టిఫినుతో పాటు కాదు.

మీరు రోగులకు తెచ్చే పళ్ళరసం సీసాలు, బలం పొడుల డబ్బాలు కూడా చూస్తుంటాను. డబ్బా వెనక చిన్న అక్షరాలు చదవండి. ఎక్కువగా కలిపినది ముందు రాస్తారు. చక్కెర మొదటి రెండు మూడు పేర్లలో ఉంటే ఆ డబ్బా కొట్లోనే ఉంచి రండి. ఆ డబ్బుతో గుడ్లు, జామకాయలు వస్తాయి.

ఉప్పు విషయం ఇంకోసారి వివరంగా రాస్తాను. రోజుకు మనిషికి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా మించకూడదు. పచ్చడి, అప్పడం, వడియాలు, ఎండు చేప అన్నీ ఆ చెంచాలోకే వస్తాయి. బి.పి. ఉన్నవారి ఇంట్లో ఆవకాయ జాడీ భోజనాల బల్ల మీద ఉండకపోతే సగం గెలిచినట్టే.

నూనెకు మాత్రం ఒక సులభమైన లెక్క ఉంది. నెలకు ఎన్ని ప్యాకెట్లు కొంటున్నారో చూడండి. మేము ఐదు లీటరు ప్యాకెట్లు కొనేవాళ్ళం. ఒక్కొక్కదానిలో 910 గ్రాములు. నలుగురికి పంచితే మనిషికి రోజుకు 38 గ్రాములు. ఇప్పుడు నెల మొదట్లో మూడే ప్యాకెట్లు తెస్తాం, మళ్ళీ కొనము. 23 గ్రాములు అవుతుంది. ప్రతి కూరలో చెంచాలు లెక్కపెట్టడం నా వల్ల కాలేదు. ప్యాకెట్లు లెక్కపెట్టడం ఎవరి వల్లనైనా అవుతుంది.

కాలువ గట్టు

ఇక నడక. 2021 డిసెంబరులో మొదలుపెట్టాను. మొదటి రోజు మా కాలువ గట్టు మీద పది నిమిషాలు నడిచేసరికి ఆయాసం వచ్చింది. ఎదురైనవారందరూ ఆగి, "ఏమండీ సిస్టరు గారూ, బస్సు తప్పిపోయిందా?" అని అడిగేవారు. మన ఊళ్ళలో ఆడమనిషి పని లేకుండా నడిస్తే అదొక వింత. సిగ్గేసి రెండు రోజులు మానేశాను కూడా. తరువాత ఎదురింటి టీచరు గారిని తోడు పిలుచుకున్నాను. ఇద్దరం నడుస్తుంటే ఎవరూ అడగలేదు.

వార్డులో తిరగడం నడక కాదా అని నాలాగే మీరు కూడా అనుకోవచ్చు. పొలం పని, ఇంటి పని చేసేవారు కూడా ఇదే అడుగుతారు. ఏ కదలికైనా మంచిదే, కూర్చోవడం కంటే ఎన్నో రెట్లు మేలు. కానీ నాలుగు అడుగులు వేసి ఆగి, మళ్ళీ నాలుగు అడుగులు వేస్తే గుండె వేగం పెరగదు. గుర్తు ఏమిటంటే, నడుస్తున్నప్పుడు పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అంత వేగం ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది వారానికి 150 నుంచి 300 నిమిషాలు. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు నడిస్తే 150 వస్తుంది. అది కూడా ఒకే విడతగా చేయనవసరం లేదు.

నాకు అన్నిటికంటే పనికొచ్చినది భోజనం తరువాతి నడక. తిన్న తరువాత రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఆ సమయంలో కాళ్ళ కండరాలు పని చేస్తుంటే, ఇన్సులిన్ కోసం ఎదురు చూడకుండానే అవి ఆ చక్కెరను తీసుకుని వాడుకుంటాయి. పది పదిహేను నిమిషాలు మామూలు నడక చాలు. రాత్రి భోజనం అయ్యాక మా వారు, నేను డాబా మీద తిరుగుతాం. మొదట్లో ఆయన సెల్లు చూస్తూ తిరిగేవారు. ఇప్పుడు పిల్లల ఫీజుల గురించి, ఆయన ఆఫీసు గురించి మాట్లాడుకుంటాం. పెళ్ళయి ఇన్నేళ్ళయినా రోజూ పదిహేను నిమిషాలు మాట్లాడుకున్నది ఇప్పుడే అని నవ్వుకుంటాం.

కండరాలు అన్నాను గనుక ఇంకొక మాట. కుర్చీలో కూర్చుని, చేతుల ఆసరా లేకుండా లేచి నిలబడి మళ్ళీ కూర్చోవాలి. పది సార్లు. మా అత్తగారు మొదట రెండు సార్లు కూడా చేయలేకపోయారు. ఇప్పుడు ఎనిమిది చేస్తారు. పడిపోతామనే భయం తగ్గిందని ఆమే చెబుతారు.

మళ్ళీ పెరిగింది

2022 ఆఖరుకు నా బరువు 68 కిలోలు అయింది. హెచ్.బి.ఎ.1.సి. 5.8. నాకు గర్వం కూడా వచ్చిందని ఒప్పుకోవాలి. డ్యూటీ రూములో అందరికీ పాఠాలు చెప్పాను.

2023లో మోకాలు నొప్పి వచ్చి నడక ఆగిపోయింది. సిబ్బంది తక్కువై వరసగా రాత్రి డ్యూటీలు పడ్డాయి. డిసెంబరులో క్రిస్మస్ కేకులు, రోజు విడిచి రోజు విందులు, జనవరిలో ఇరుగుపొరుగు పంపిన అరిసెలు. 2024 ఫిబ్రవరిలో తూకం వేస్తే 72 కిలోలు. షుగరు మళ్ళీ 6.2. సిగ్గుతో నెల రోజులు తూకం మిషను వైపు వెళ్ళలేదు. మా డాక్టరమ్మ గారు రిపోర్టు చూసి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "పది నిమిషాలతో మళ్ళీ మొదలుపెట్టండి సిస్టర్" అన్నారు, అంతే. అమ్మతో నేను అలా ఒక్కసారైనా మాట్లాడి ఉంటే అనిపించింది.

మొదలుపెట్టాను. ఇప్పుడు 67 కిలోలు. పుస్తకాల లెక్కలో నేను ఇంకా లావు మనిషినే. కానీ 74 నుంచి తగ్గినది 7 కిలోలు, అంటే తొమ్మిది శాతం. అమెరికాలో చేసి 2002లో వెలువరించిన ఒక పెద్ద అధ్యయనంలో, గుమ్మం దగ్గర ఉన్నవారు బరువులో ఏడు శాతం తగ్గి వారానికి 150 నిమిషాలు నడవాలని లక్ష్యం పెట్టుకుంటే, షుగరు వ్యాధి రావడం 58 శాతం తగ్గింది. చెన్నైలో మనవారి మీద చేసి 2006లో వెలువరించిన అధ్యయనంలో తిండి, నడక మార్పుల వల్ల 28 శాతానికి పైగా తగ్గింది. మనవారి బరువు పెద్దగా మారకపోయినా ఆ ఫలితం వచ్చింది. కాబట్టి తూకంలో ముల్లు కదలలేదని ఎవరూ నడక మానవద్దు.

ముఖ్యమైన హెచ్చరిక

ఇది రాయకపోతే నేను తప్పు చేసినదాన్నవుతాను, ఎందుకంటే ఒకసారి చేశాను. నా మాటలు శ్రద్ధగా విన్న ఒక కొడుకు ఇంటికి వెళ్ళి తండ్రికి అన్నం సగం చేసేశాడు. షుగరు మాత్రలు మాత్రం మునుపటి మోతాదులోనే ఇచ్చాడు. నాలుగో రోజు రాత్రి ఆ పెద్దాయనకు చెమటలు పట్టి, మాట తడబడి, ఆసుపత్రికి తెచ్చారు. షుగరు 48 ఉంది. దేవుని దయవల్ల కోలుకున్నారు. అన్నం తగ్గించమని చెప్పిన నేను, మందుల సంగతి డాక్టరుతో మాట్లాడాకే తగ్గించమని చెప్పలేదు. తప్పు ఆ అబ్బాయిది కాదు, నాది.

ఇన్సులిన్ తీసుకునేవారు, షుగరును బాగా దించే మాత్రలు వాడేవారు తిండి తగ్గించే ముందు, నడక పెంచే ముందు డాక్టరు గారికి తప్పక చెప్పాలి. మోతాదు మార్చవలసి రావచ్చు. చెమట, వణుకు, విపరీతమైన ఆకలి, గుండె దడ, తికమక మాటలు కనిపిస్తే షుగరు పడిపోయిందేమో అని అనుమానించండి. 70 కంటే తక్కువ ఉంటే, మనిషి మెలకువగా ఉంటే, మూడు చెంచాల గ్లూకోజు పొడి లేదా చక్కెర అర గ్లాసు నీళ్ళలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాలకు మళ్ళీ పరీక్షించండి, పెరగకపోతే మళ్ళీ ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. నడకకు వెళ్ళే షుగరు రోగి జేబులో చక్కెర పొట్లం ఉండాలి.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి నేను పైన చెప్పిన ఆకుకూరలు, పప్పులు, పళ్ళు అన్నీ సరిపడవు. వారి పథ్యం వేరు, డాక్టరు రాసిచ్చిన ప్రకారమే పెట్టండి. గుండె జబ్బు ఉన్నవారు ఎంత నడవాలో అడిగి తెలుసుకోవాలి. నడుస్తుంటే ఛాతీలో బరువు, దవడ లేదా ఎడమ చేయి లాగడం, ఎప్పుడూ లేని ఆయాసం వస్తే ఆగిపోయి వెంటనే ఆసుపత్రికి రావాలి. షుగరు ఉన్నవారు ఇంట్లో కూడా వట్టి కాళ్ళతో తిరగకూడదు. రాత్రి పడుకోబోయే ముందు వారి పాదాలు, వేళ్ళ సందులు మీరు చూడండి. వారికి స్పర్శ తగ్గి ఉంటుంది, ముల్లు దిగినా తెలియదు. మా అమ్మకు మొదట గుచ్చుకున్నది చీపురు పుల్ల.

నన్ను అడిగిన ఆ పెద్దమ్మ చెల్లెలి పుండు మాని ఇంటికి వెళ్ళిపోయింది. ఆరు నెలల తరువాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు పెద్దమ్మ కూడా వచ్చింది. "నడుస్తున్నారాండీ?" అని మళ్ళీ అడిగింది. నడుస్తున్నానని చెప్పాను. "మా ఇంట్లో ఇప్పుడు అందరికీ ఒకటే కూరండీ" అంది ఆమె.

మీరు రేపు మధ్యాహ్నం క్యారేజీ తెచ్చినప్పుడు వార్డులో మమ్మల్ని పిలిచి మూత తీసి చూపించండి. అందులో రోగికి ఎంత పెట్టాలో మేము చెబుతాం. మిగిలినది మీరు అక్కడే, వారి పక్కనే కూర్చుని తినండి.